పుల్ల మీద గీతలు

"విమానమా? మీకా?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు నా మెడలో వేలాడే టేపు చూస్తారు, తర్వాత నా చెప్పులు చూస్తారు, ఆ తర్వాత నవ్వుతారు. అవును, మాకే. నేను ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలర్ని. మా తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మిగతా ఇద్దరిలో ఒకాయన స్కూలు బస్సు డ్రైవరు, ఇంకొకాయన రిటైరైన లెక్కల మాస్టారు. నాకంటే వయసులో పెద్దదైన రెండు సీట్ల విమానాన్ని నలుగురం కలిసి ఒక మామూలు కారు ధరకు కొనుక్కున్నాం. దాని పేరు మిడత. ఆ పేరు తమ్ముడి భార్య, అంటే మా మరదలు, వెక్కిరింపుగా పెట్టింది, కానీ అందరి నోళ్లలో అదే నిలిచిపోయింది.

డబ్బున్నవాళ్లకూ మాకూ నాకు కనిపించే తేడా ఒక్కటే. వాళ్లు పని ఇంకొకరి చేత చేయిస్తారు, మేం చేసుకుంటాం. ఇంజిను తమ్ముడిది. సీట్లూ, రెక్కల మీద కప్పే గుడ్డలూ నావి. చక్రాలూ బ్రేకులూ డ్రైవరుగారివి. కాగితాలు మాస్టారివి. పెట్రోలు ఎంతుందో చూపించాల్సిన ముల్లు ఎప్పుడో సగం దగ్గర ఇరుక్కుపోయింది, దాన్ని ఎవరూ నమ్మరు. సీట్ల వెనకున్న ట్యాంకు మూత తీసి, గీతలు గీసిన చెక్కపుల్లను అడుగు దాకా దించి, తడి ఎక్కడి దాకా వచ్చిందో చూస్తాం. రేడియో చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది, ఎక్కువసేపు నిలవదు. అందుకని గాల్లో ఉన్నవాళ్లు ప్రతి పావుగంటకూ ఒకసారి, రెండు నిమిషాలు మాత్రమే దాన్ని వేస్తారు. ఇవన్నీ మేం పెట్టుకున్న పద్ధతులు. వీటి మీద నాకు గర్వం ఉండేది, ఆ ఆదివారం పొద్దున పదీ ముప్పై నాలుగు దాకా.

ఆ రోజు తమ్ముడు తొమ్మిదింటికి బయల్దేరాడు. లైసెన్సు నిలబెట్టుకోవాలంటే ఏడాదికి ఇన్ని గంటలు ఎగరాలి, వాడికి ఇంకా రెండు గంటలు తక్కువ పడ్డాయి. కొండల దాకా వెళ్లి పదకొండింటికి తిరిగి రావాలి. మేం ఎగిరే విమానాల మైదానంలో పెట్రోలు పంపు ఆ వారం పాడై ఉంది. అయినా పుల్ల యాభై లీటర్లు చూపించింది. మిడత గంటకు ఇరవై తాగుతుంది. అంటే రెండు గంటలు తిరిగినా ఇంకో అరగంట మిగులు. వాడు పుల్లను తుడిచి నా చేతికిచ్చి, "అక్కా, వచ్చేసరికి ఆకలేస్తది, తినడానికేదైనా తెచ్చిపెట్టు," అని ఎక్కి వెళ్లిపోయాడు.

నేనూ మరదలూ మైదానంలో మిడతను ఉంచే షెడ్డులో కూర్చుని రెక్క గుడ్డకు అంచు కుడుతున్నాం. ఆ చివర తను పట్టుకుంది, ఈ చివర నేను. నడుం నొప్పెట్టి, మూలనున్న పొడుగు స్టూలు లాక్కున్నాను. అది నా షాపులో కటింగ్ బల్ల దగ్గర ఉండాల్సిన స్టూలు. ఇక్కడికెందుకొచ్చిందా అనుకుంటూ కూర్చోబోతే దాని మీద నల్లటి గ్రీజు మరక కనిపించింది. గుండ్రంగా ఉంది.

స్టూలును వెలుగులోకి లాగి మళ్లీ చూశాను.

పోయిన నెల మిడత తోక కింది చక్రం విప్పాం. డ్రైవరుగారు దాన్ని బాగుచేసేదాకా తోకను ఈ స్టూలు మీద ఆనించాం. పాత పుల్ల విరిగిపోయిందీ ఆ మధ్యాహ్నమే. కొత్తది నేను చేశాను. ఖాళీ ట్యాంకులో ఐదైదు లీటర్లు పోస్తూ, పుల్ల దించి తడి ఉన్నచోట బ్లేడుతో గీత గీస్తూ వచ్చాను. తోక గాల్లో ఉంది. పోసిన పెట్రోలంతా ట్యాంకు ముందువైపుకు జారిపోతోంది. మూత ఉన్నది వెనకవైపు.

"ఏమైంది వదినా? మొహం అట్లా పెట్టావేంటి?" అంది మరదలు.

"ఏం లేదు," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. సూది గుడ్డకు గుచ్చి మైదానం ఆఫీసు గదివైపు పరిగెత్తాను.

అక్కడి గుమస్తా పేపర్లో గళ్లనుడికట్టు నింపుకుంటున్నాడు. రేడియో లాక్కుని నాలుగుసార్లు పిలిచాను. గరగర తప్ప ఏమీ రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. గోడ గడియారం పదీ ముప్పై ఆరు. రేడియో వేసేది పదీ నలభై ఐదుకు. ఆ పద్ధతి పెట్టింది కూడా నేనే.

"ఏం జరిగిందమ్మా?" అన్నాడు గుమస్తా, పెన్సిలు కింద పెట్టి.

చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. "నగల షాపాయన పొద్దున్నే వచ్చారు, తన షెడ్డులోనే ఉన్నారు. ఆయన విమానం మీదానికి రెట్టింపు స్పీడు. ఎదురెళ్లి రెక్కలూపితే దిగమంటున్నారని మీవాడికి అర్థమైపోతుంది," అన్నాడు.

ఈ నగల షాపాయనే రెండేళ్లుగా నన్ను దెప్పుతున్న మనిషి. "విమానం కొనడం గొప్పేం కాదమ్మా, పోషించాలి," అనేవాడు కారు దిగుతూ. నేను మొహం మాడ్చుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయన కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని. విషయం వినగానే మనిషి చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. ఆ పొట్టతో అంత వేగంగా పరిగెత్తగలడని నేననుకోలేదు. తెల్లగా మెరిసిపోయే విమానంలోకి ఎక్కి తాళం తిప్పాడు. టిక్ మంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టిక్.

దిగి వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది. "ఆర్నెల్లయిందమ్మా ఎగిరి. ఆదివారాలు వచ్చి తుడిపించి, చూసుకుని వెళ్లిపోతాను. బ్యాటరీ చచ్చిపోయింది," అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

వెనక్కి తిరిగితే మరదలు నిలబడి ఉంది. చేతిలో ఇంకా ఆ గుడ్డ చివర ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు.

"నాకు చెప్పవా వదినా?"

తనను ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాను. గుమస్తా బల్ల మీద నీళ్ల సీసా ఉంటే తీసుకుని పక్కకు వంచి పట్టుకున్నాను. "తోక పైకుంటే ఇట్లా ముందుకు పోతుంది. మూత ఇక్కడ. ఇక్కడ కొంచెమే కనిపిస్తుంది. నేను అక్కడే గీత గీశా." సీసాను ఇటువైపు వంచాను. "తోక నేల మీదుంటే అంతా వెనక్కొస్తుంది. తక్కువున్నా ఎక్కువ చూపిస్తుంది."

"ఎంత తక్కువ?"

"ముప్పై ఐదు ఉంటుందేమో. ముప్పై ఆరు."

మరదలు కూరగాయల కొట్టు నడుపుతుంది, లెక్కకు కాగితం అక్కర్లేదు. "అంటే పదీ నలభై ఐదు," అంది. తర్వాత గడియారం చూసింది. "రేడియో వేసేదీ అప్పుడేగా?"

"అవును."

తను ఏడవలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని రేడియో ముందు కూర్చుని, చేతిలోని గుడ్డ చివరను మడతలు పెట్టడం మొదలుపెట్టింది. మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. నేను పక్కన నిలబడ్డాను. నాకు భయంగా ఉంది. వాడి కోసం భయం, తన ముందు ఇంకో రకం భయం. ఈ చేతులు ముప్పై ఏళ్లుగా చాక్‌పీసుతో గీతలు గీస్తున్నాయి. ఊళ్లో సగం మంది ఒంటి కొలతలు వీటికి తెలుసు. వాటి వంక చూస్తే వేరేవాళ్లవేమో అనిపించింది.

నలభై ఐదయింది. గరగర.

నలభై ఆరు. నగల షాపాయన వాకిట్లోనే నిలబడిపోయాడు. గుమస్తా రేడియో గొంతు పెంచాడు.

"మిడత మాట్లాడుతున్నా. కాలవ దాటా. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాల్లో వచ్చేస్తా. ఏం తెచ్చావక్కా?"

నేను మైకు లాక్కున్నాను. "తమ్ముడూ, పెట్రోలు అయిపోవచ్చింది. వెంటనే దిగు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ దిగెయ్."

నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "యాభై ఉందని నీ ముందేగా చూశాను. ఇంకా ముప్పావుగంటది ఉంటుంది."

"పుల్ల తప్పు."

"నువ్వు గీసిన పుల్ల తప్పేంటక్కా! ఎండలో కూర్చుని ఏదేదో ఊహించుకుంటున్నావ్. కింద మొత్తం చెట్లూ కరెంటు తీగలూ. ఊరికే దిగితే మిడత కాళ్లు విరుగుతాయి. వచ్చేస్తున్నాగా."

వాడు నన్ను నమ్మడం లేదనుకుంటే సగం బాధే. నన్ను నమ్మబట్టే నా మాట వినడం లేదు. అప్పుడు దాచుకున్నదంతా చెప్పేశాను. నగల షాపాయన వింటున్నాడు, గుమస్తా వింటున్నాడు, మరదలు వింటోంది.

"ఒరేయ్, విను. తోక స్టూలు మీదున్నప్పుడు గీశాను. నా షాపు స్టూలు మీద. మాస్టారు ఆ రోజే అడిగారు. 'తోక దించాక ఇంకోసారి కొలుద్దాం, నేనూ చూస్తానమ్మా,' అన్నారు. నా గీత తప్పదు మాస్టారూ, మీరు లెక్కలు చూసుకోండి అని కసిరాను. తర్వాత వెళ్లినవాళ్లంతా ట్యాంకు నింపుకుని వెళ్లారు కాబట్టి బయటపడలేదు. నీ ట్యాంకులో ఏమీ లేదురా. నాదే తప్పు. దిగు."

మరదలు మడతపెట్టడం ఆపేసింది.

"ఎడమవైపు కోసేసిన చేను ఉంది," అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "దిగుతున్నా."

తర్వాత రేడియో ఆగిపోయింది.

ఆ తర్వాతి తొమ్మిది నిమిషాలు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. ఎవరూ కూర్చోలేదు. మరదలి ఫోను మోగగానే తనే తీసింది. విని, "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది. మళ్లీ విని, ఫోను నా చేతికిచ్చి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

"అక్కా," అన్నాడు వాడు. ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "చెట్టంత ఎత్తులో ఉండగా ఇంజిను ఆగిపోయింది. చేను కిందే ఉంది కాబట్టి సరిపోయింది."

నగల షాపాయన తన కారులో మమ్మల్ని తీసుకెళ్లాడు. దారిలో బంకు దగ్గర ఆగి పెద్ద క్యాను నింపించి, లీటరు మగ్గు కూడా ఒకటి కొన్నాడు. చేను మధ్యలో మిడత తోక నేలకు ఆనించి బుద్ధిగా నిలబడి ఉంది. ఎక్కడా గీత పడలేదు. తమ్ముడు రెక్క నీడలో కూర్చుని ఉన్నాడు. మరదలు వెళ్లి వాడి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరికెళ్లే మొహం లేదు.

వాడే లేచి వచ్చాడు. తోకచక్రం దగ్గర వంగి, అది నేల మీద సరిగ్గా ఆనిందో లేదో చూశాడు. గట్టున పడి ఉన్న పొడుగాటి చెక్కముక్క ఏరుకుని, జేబులోంచి చాకు తీసి రెండూ నాకు చాపాడు.

"నేను గియ్యను," అన్నాను. "మాస్టార్ని పిలు. ఇంకెవరినైనా పిలు. నా చేత కాదురా."

"వేరేవాళ్లు గీస్తే నేను ఎక్కను."

"ఎందుకురా? ఇందాకే కదా నీ ప్రాణం తీయబోయాను!"

"తప్పని అంతమంది ముందు చెప్పింది నువ్వేగా," అన్నాడు.

నేను మరదలి వైపు చూశాను. ఈ విషయంలో మాట చెల్లాల్సింది తనది. తను వద్దంటే మిడతను అక్కడే ముక్కలు చేసి అమ్మేసేవాళ్లం, నేను నోరెత్తేదాన్ని కాదు. తను నావైపు చూసింది. కోపం పోలేదు, పోయిందని నేను అబద్ధం చెప్పను. లేచి, క్యాను మూత తిప్పి తీసింది. మగ్గు నిండా వంచుకుని ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"పొయ్యడం నేను పోస్తాను," అంది. "నువ్వు గియ్యి. గీసిన ప్రతిదీ నాకు చూపించు. సరిగ్గా ఉందని నాకు తెలిస్తేనే ఆయన ఎక్కుతాడు."

ఆఖరి చుక్క దాకా మగ్గు వంచి పోసింది. పుల్ల దించి తీశాను. గీసిన గీత కొంచెం వంకరగా పడింది. చూపించాను. తను మగ్గు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, పుల్లను వెలుగులోకి తిప్పి, తడికీ గీతకూ మధ్య గోరు ఆనించి చూసింది.

"ఒకటి," అంది మరదలు.