నల్లిమందు తేనె

అశోక్‌నగర్‌లోని తన మేడ మీద ఇంద్రసేన తొమ్మిది తేనెపెట్టెలు పెట్టి ఆరేళ్లయింది. ఆ ఎండాకాలం మూడో పెట్టె మూత ఎత్తగానే ముక్కు మూసుకున్నాడు. మందుల డబ్బాలో ఏదో చచ్చి కుళ్లిన కంపు. అడుగున ఈగలు తడితడిగా, నల్లగా అట్టకట్టి ఉన్నాయి. ఇంకా పాకుతున్న వాటికి రెక్కలు పీలికల్లా ముడుచుకుపోయాయి. చట్రాల మధ్య రెండు మందు పట్టీలు వేలాడుతున్నాయి. ఈగలను పట్టి పీల్చే నల్లి చావడానికి చలికాలంలో పెట్టి, తేనె చేరకముందే తీసేయాల్సినవి. తీయడం మరిచిపోయాడు.

చట్రం అంచున తేనెలో వేలు పెట్టి నాకాడు. ముందు చేదు, వెనకే గొంతు పట్టేసే ఘాటు. పిట్టగోడ దగ్గరికి పోయి ఉమ్మేశాడు. ఎంత ఉమ్మినా పోలేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది, తన తేనె తాను తినక మూడేళ్లయిందని. ఆ మూడేళ్లూ వానల్లో, రోగం రాకుండా పంచదార పాకంలో యాంటీబయాటిక్ పొడి కలిపి ఈగలకు పోసింది తనే. తెలిసే తినలేదు. తెలిసే అమ్మాడు.

ఆ తేనెను నారాయణగూడలోని తన దుకాణంలో అమ్మిపెట్టే బామ్మర్ది శ్రావణ్ వచ్చి చూసి నవ్వాడు.

"గింతదానికే పరేషాన్ అయితవేంది బావా? జర వడగట్టి పాతదాంట్ల కలిపితే ఎవనికి తెలుస్తది?"

"నువ్ తింటవా?"

"నేనెందుకు తింట?"

ఇంద్రసేనకు బామ్మర్ది మాట తన నోట్లోంచి వచ్చినట్టే ఉంది. ఇంట్లో ఉన్న తేనె డబ్బాలన్నీ ఆ మధ్యాహ్నమే తూములో పోసి, వేడినీళ్లతో కడిగేశాడు.

మర్నాడు గాంధీనగర్ వెళ్లాడు. మొదటి ఏడాది నుంచీ తన దగ్గరే తేనె కొంటున్న హైమవతిగారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ బడిలో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. అతను దాచకుండా మొత్తం చెప్పాడు.

"రోజూ పరగడుపునే నిమ్మరసంలో వేసుకుని తాగేదాన్ని కదయ్యా!" ఆవిడ పెదవులు కొంగుతో తుడుచుకున్నారు. "స్వచ్ఛమైనదని నువ్వే కదూ చెప్పావు?"

"నేనే చెప్పిన అమ్మా."

"ఛీ!" ఆవిడ లోపలికి వెళ్లి, సగం ఉన్న సీసాను రెండు వేళ్లతో పట్టుకొచ్చి మెట్టు మీద పెట్టారు. "మళ్లీ ఈ గుమ్మం తొక్కకు." తలుపు మూసేశారు.

ఆ ఏడు అతను పట్టీ పెట్టలేదు, పొడి కలపలేదు, పాకం పోయలేదు. వానాకాలానికని ఈగల తేనె ఈగలకే వదిలేశాడు. అయినా అయిదు పెట్టెలు పోయాయి. ఖాళీ పట్టుల్లో మైనపు పురుగులు తెల్లగా లుకలుకలాడాయి. వాటి గూళ్లు చేత్తో గీకుతుంటే రెండుసార్లు వాంతి అయింది. నోరు కడుక్కొచ్చి మళ్లీ గీకాడు. ఆ పని ఇంకొకరికి చెప్పాలనిపించలేదు.

మిగిలిన నాలుగూ చలి దాటాయి. మాఘంలో శ్రావణ్ మేడెక్కి, పెట్టె గుమ్మం ముందు చూసి వెనక్కి గెంతాడు. తెల్లటి పిల్ల పురుగులు, కుళ్లినవి, సగం కొరికినవి, కుప్పగా పడి ఉన్నాయి.

"ఛీ ఛీ! గిదేంది బావా, మల్ల రోగమా?"

"నల్లి పట్టిన పిల్లల్ని ఈగలే గుంజి పారేస్తున్నయ్. మిగిలినవి బతకాలె గదా."

ఇంద్రసేనకూ ఒళ్లు జలదరించింది. అయినా వంగి చూస్తూ ఉన్నాడు. ఒక ఈగ తనకంటే బరువైన పురుగును ఈడ్చుకొచ్చి అంచు మీంచి తోసి, వెంటనే లోపలికి పోయింది. చీమలు వరస కట్టాయి.

ఆ వేసవిలో రెండు పెట్టెల నుంచే తేనె తీశాడు. నాలుగు సీసాలైనా నిండలేదు. దుకాణానికి పంపమని శ్రావణ్ అడగలేదు. ఇంద్రసేన వేలు ముంచి నాకాడు, ఈసారి ఉమ్మేయలేదు.