నీళ్ల వేడి చూసే చెయ్యి

నాకు నోరెక్కువని మా వాడలో అందరూ అంటారు. అననీండి. నోరున్న మనిషికి భయం ఉండదనుకుంటారు చూడండి, అక్కడే పొరబాటు. నాకు భయమేసినప్పుడల్లా ఎవరో ఒకరి మీద అరుస్తాను. రెండు వేల మూడులో, ఆ వానాకాలమంతా, నేను అరవని రోజు లేదు.

బందరు దగ్గర రొయ్యల షెడ్డులో నా పని. ఐసులో మునిగిన రొయ్యని తీయడం, తలకాయ తుంచడం, పెంకు ఒలవడం, వీపు చీరి నల్లనరం లాగడం. పొద్దున నిలబడితే పొద్దుగూకేదాకా అదే. మొదట్లో వేళ్లు తిమ్మిరెక్కేవి. ఐసులో పెట్టిన చెయ్యి తిమ్మిరెక్కక పాట పాడుతుందా అనుకున్నాను. తర్వాత్తర్వాత ఇంటికొచ్చినా తిమ్మిరి వదల్లేదు. నిద్రలో చెయ్యి మంటెత్తి, లేచి కూర్చుని విదిలించుకునేదాన్ని. ఒకరోజు పొయ్యి మీది గిన్నెని పాత గుడ్డ కూడా లేకుండా ఒట్టి చేత్తో దించాను. వేళ్ల మీద బొబ్బలు లేచాక గానీ చూసుకోలేదు. నొప్పి లేదు.

స్పర్శ లేకపోతే అదేమిటో మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బస్సు ఆగే చోట గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది, అది కుష్ఠు కావచ్చని. మేము ఆ పేరు నోటితో అనం, పెద్దరోగం అంటాం. మా పెదనాన్నకి వచ్చింది. సరుగుడు తోట అవతల పాక వేసి ఆయన్ని అందులో పెట్టారు. చిన్నప్పుడు అన్నం పట్టుకెళ్లేది నేనే. "ఒసే కొండలమ్మా, అక్కడి నుంచే కాసేపు మాట్లాడవే" అని బతిమాలేవాడు. ఇటు నుంచి మా నాయనమ్మ, మూకుట్లో పడేసి పరిగెత్తుకు రమ్మని కేకలు పెట్టేది. ఆయన చివరిదాకా ఆ పాకలోనే ఉన్నాడు. ఆయన్ని మోసుకెళ్లడానికి కూడా మనుషులు దొరకలేదు.

గోడ మీద ఆ రాత కింద ఇంకో వరుస కూడా ఉండేది. నేనెప్పుడూ మొదటి వరుస దగ్గరే మొహం తిప్పుకుని బస్సెక్కేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి హేమ పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఒళ్లంతా నూగు, పిడికిళ్లు బిగించి లోకం మీద కోపంగా ఉన్నట్టు మొహం. అచ్చం నా మనవరాలే. వాడంతా వచ్చి ఎత్తుకుంది, నేను తప్ప. "నా చేతులు నీచుకంపే" అనేదాన్ని. "ఐసు చేతులు, పిల్లకి జలుబు చేస్తుందే" అనేదాన్ని. నా కంచం, నా గ్లాసు విడిగా పెట్టుకున్నాను. పిల్లకి నీళ్లు పోయడానికి పక్కింటి ముసలామె సీతారావమ్మ వచ్చేది. నేను వసారాలో నిలబడి, నూనె పట్టిస్తుంటే పిల్ల కేరుమనడం వినేదాన్ని. నా చేతులు ఊరికే ఉండలేక ఒకదాన్నొకటి పిసుక్కునేవి. హేమ నా వంక అదోలా చూసేది.

ఆ వారంలోనే షెడ్డుకి ఛాయాదేవి గారని ఒకావిడ బెజవాడ నుంచి వచ్చారు. అక్కడ ఫిజియోథెరపీ కాలేజీలో పాఠాలు చెబుతారట. రొయ్యలు ఒలిచేవాళ్ల చేతులూ భుజాలూ ఎందుకు పాడవుతున్నాయో పరిశోధన చేస్తున్నారట. టేపు పెట్టి మా బల్ల ఎత్తు కొలిచారు. కత్తి పిడి కొలిచారు. మేము వంగే వంపు ఫొటోలు తీశారు. బల్ల మీద పరిశోధనేమిటి, చోద్యం కాకపోతే!

నా పక్కన ఒలిచే అమలమ్మ నా చెవిలో ఊదింది. "వదినా, ఇదంతా నాటకమంట. ఈవిడ పెద్దరోగం సర్వేకొచ్చిందంట. ఆ పేరు చెబితే ఎవురూ రారని ఇట్టా వంక పెట్టారంట."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు రెండూ కొంగులో దాచేసుకున్నాను. ఛాయాదేవి గారు సంచిలోంచి దూదీ గుండుసూదీ తీశారు. అప్పుడిక నాకు అనుమానం కూడా మిగల్లేదు. మా ఊరికి వచ్చే సర్వేవాళ్ల సంచిలోనూ దూదే ఉండేది.

"కళ్లు మూసుకోండమ్మా. ఎక్కడ తగిలితే అక్కడ చెప్పండి, చాలు" అన్నారావిడ.

మూసుకున్నట్టే మూసుకుని రెప్పల సందులోంచి చూస్తూ కూర్చున్నాను. బొటనవేలి మీద దూది ఆనింది. "తగిలింది" అన్నాను. చూపుడువేలి మీద సూది. "అబ్బా, గుచ్చారండీ" అని మూలిగాను కూడా. ఆవిడ అట్ట మీద ఏదో రాసుకుని, "మీ చేతులకి ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం షెడ్డంతా చూడటం అయ్యాక ఆవిడ ఒక్కరే బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. "ఇంత ఐసులో ఇంత పని చేస్తూ ఒక్కరికీ తిమ్మిరి లేదంటే ఎలా నమ్మను?" అని తనలో తాను అనుకుంటున్నారు. నేను తలొంచుకుని బయటపడ్డాను.

మర్నాడు పొద్దున్న సీతారావమ్మ రాలేదు, చల్లపల్లిలో పెళ్లికెళ్లింది. హేమ పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంది.

"నువ్వు ఎత్తుకోకపోతే మానె, అమ్మా. నీళ్లన్నా కలిపి పొయ్యి" అంది.

కాగులోంచి వేడినీళ్లు బకెట్లో పోశాను, చన్నీళ్లు కలిపాను, వేళ్లు పెట్టి చూశాను. "గోరువెచ్చగా ఉన్నాయి" అన్నాను. చెంబు ముంచి ఎత్తాను. పిల్ల వీపు మీద పోసేదాన్నే. అలవాటు కొద్దీ ముందు నాలుగు చుక్కలు హేమ పాదం మీద చిలకరించాను.

హేమ కెవ్వుమంది. పిల్లని అంతెత్తున లేపి గుండెకి అదుముకుంది. దాని పాదం కందిపోయింది. చెంబు నా చేతిలోంచి జారి బండ మీద దొర్లింది. ఆ నీళ్లు పిల్ల వీపు మీద పడి ఉంటే!

"చెయ్యి పెట్టి చూశావు గదే అమ్మా! నీకు కాల్లేదా?"

భయమేసినప్పుడు నేనేం చేస్తానో చెప్పాను గదా. "పొద్దున్నే ఏంటే నీ అరుపులు? పిల్లని కన్నదానివి నువ్వే కలుపుకోలేవా నీళ్లు?" అని ఇంతెత్తున లేచాను.

హేమ అరవలేదు. ఏడుస్తూ చిన్నగా అంది. "ఆడపిల్ల పుట్టిందనే గదా నీకు? అందుకేగా ముట్టుకోవు?"

అంతకన్నా ఆ వేడినీళ్లు నా నెత్తిన కుమ్మరించినా బాగుండేది. నా తల్లీ, అది కాదే అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. నా అంత నోరున్నదానికి మాట రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకి నడిచాను. దారంతా ఒకటే అనుకున్నాను: పాకలో పెడితే పెట్టనీ, ఈ చేత్తో పిల్ల దగ్గరికి మాత్రం ఇంక వెళ్లను.

షెడ్డులో ఛాయాదేవి గారు సంచి సర్దుకుంటున్నారు. ఆవిణ్ణి ఐసు కొట్టే మిషను వెనక్కి లాక్కెళ్లాను. ఆ రొదలో అయితే ఎవరికీ వినపడదని నా తెలివి.

"అమ్మా, నిన్న మీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఏమిటమ్మా? వినపడట్లేదు."

"నాకు స్పర్శ లేదండీ."

"గట్టిగా చెప్పండి!"

"నాకు పెద్దరోగం వచ్చిందండీ!" అని అరిచాను. అదే క్షణాన కరెంటు పోయింది. మిషను ఆగింది. ఆఖరి మాట షెడ్డంతా మోగింది.

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. ఐసు కరిగి బల్లల మీంచి బొట్లు బొట్లుగా కారడం వినిపిస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు సరుగుడు తోట కనబడింది, మూకుడు కనబడింది.

అమలమ్మ కత్తి కింద పెట్టింది. నా దగ్గరికొచ్చింది. అది తన కుడిచెయ్యి ముందుకు చాపి, ఏడుపు గొంతుతో అంది. "నాకూ తెలవట్లేదు వదినా. నేనూ కళ్లు సగం తెరిచే చూశాను."

దాని వెనక ఇంకొకతి చెయ్యెత్తింది. ఆ వెనక ఇంకొకతి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, షెడ్డు షెడ్డంతా రెప్పల సందులోంచి చూసి పరీక్ష పాసైపోయింది. ఒక్కొక్కతీ తనకే వచ్చిందని, ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కంచం వేరు పెట్టుకుని బతుకుతోంది.

ఛాయాదేవి గారు నిన్న రాసుకున్న కాగితాలన్నీ అడ్డంగా కొట్టేశారు. ఒక్కమాట కోప్పడలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ మీద, వీపు మీద, చేతుల మీద మచ్చలేమైనా ఉన్నాయేమో వెతికారు. మోచేతి వెనక వేలితో నొక్కి చూశారు. తర్వాత తువ్వాలుతో నా కళ్లు గట్టిగా కట్టి, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఒళ్లో! నా మనవరాలిని నేను ఒక్కసారైనా ఒళ్లో పెట్టుకోలేదే!

చీకట్లో కూర్చున్నాను. ఏమీ తగలట్లేదు.

"పెట్టారా అండీ?"

"బొటనవేలి మీద పెట్టానమ్మా."

మళ్లీ ఏమీ లేదు. "ఇప్పుడు?"

"చూపుడువేలు అయిపోయింది. మధ్యవేలు కూడా."

అయిపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను. కట్టిన గుడ్డ తడిసిపోతోంది. అప్పుడు చేతి అంచున చీమ పాకినట్టయింది.

"తగిలింది!" అని లేచి నిలబడ్డాను. "తగిలిందండీ, నిజంగా తగిలింది!"

"అది చిటికెన వేలు" అన్నారావిడ. ఆవిడ గొంతు కూడా తేలికపడింది. "వినండమ్మా. మణికట్టులోంచి ఒక నరం వస్తుంది. బొటనవేలు, దాని పక్కవి రెండూ ఆ నరానివి. చిటికెన వేలికి వేరే నరం. రోజంతా చలిలో గిల్లి గిల్లి, మణికట్టు వంచి వంచి, మీకు ఆ మొదటి నరం నలిగిపోయింది. మీరనుకునే జబ్బయితే చాలామందికి ముందు పోయేది చిటికెన వేలే. మోచేతి దగ్గర నరం లావెక్కుతుంది. మీకు అవేమీ లేవు. అయినా నా మాట ఒక్కటే నమ్మొద్దు, రేపు పెద్దాసుపత్రిలో డాక్టరుగారికి నేనే చూపిస్తాను. ఒకవేళ అదే అయినా మందుబిళ్లలున్నాయి, పూర్తిగా పోతుంది. మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు. గోడల మీద కిందే రాసుంటుందిగా?"

"ఆ కింది వరుస ఇంకాస్త లావుగా రాసి చావచ్చు గదండీ!" అని అరిచాను. అరిచి, ఆవిడ భుజం మీద తలపెట్టి ఏడ్చాను. మా పెదనాన్న రోజుల్లో ఆ కింది వరుస లేదు.

"మరి ఈ వేళ్లు తిరిగొస్తాయాండీ?" అని అడిగింది అమలమ్మ.

ఛాయాదేవి గారు దాని చెయ్యి అందుకున్నారు. "కొందరికి కట్టు కట్టి, విశ్రాంతి ఇస్తే వస్తాయి. కొందరికి ఆపరేషను చేయాలి. బాగా ఆలస్యమైతే..." అని ఆపేశారు. ఆ ఆపడం నాకు గుర్తుండిపోయింది.

ఇంటికొచ్చేసరికి హేమ మొహం అటు తిప్పుకుని పిల్లకి పాలిస్తోంది. పాదానికి వెన్న రాసుకుంది. నేను కాగు కింద మంట పెట్టాను. వేడినీళ్లు బకెట్లో పోశాను. కొంగు దోపుకుని, చిటికెన వేలొక్కటి ముంచాను.

చుర్రుమంది.

"అమ్మో, కాలిందే హేమా! కాలిందే!" అని ఎగిరాను.

హేమ పిల్లతో సహా పరిగెత్తుకొచ్చింది. నవ్వుతూ ఏడుస్తూ ఉన్న నన్ను చూసి దానికి ఇంకా భయమేసింది. అంతా చెప్పాను. పెదనాన్న పాక దగ్గర్నుంచి కళ్లకి కట్టిన తువ్వాలు దాకా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అది నా పక్కన కూలబడి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా అమ్మా?" అంది.

"సర్లేవే, నీళ్లు చల్లారిపోతాయి" అన్నాను. చన్నీళ్లు కలిపి మళ్లీ చిటికెన వేలితో చూశాను. హేమ చేత కూడా చూపించాను. పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. "పిల్లని ఇటు తే. నువ్వు ఒక చెయ్యి పట్టుకో, జారనీకు."

పిల్ల నా కాళ్ల మీదకొచ్చింది. దాని వీపు మీద నూనె పట్టించాను. బొటనవేలికి ఏమీ తెలియలేదు, చూపుడువేలికి తెలియలేదు. మనవరాలి ఒళ్లు ఎంత మెత్తగా ఉందో ఆ సాయంత్రం చిటికెన వేలొక్కటే నాకు చెప్పింది.