ఇంగ్గిహ్ అన్నందుకు

జుమాది ఆ మాట అన్నాడు. అనలేదని ఊళ్ళో ఎవరూ చెప్పరు, అతనూ చెప్పడు.

ఉపవాసాల నెలకు ముందు వాళ్ళన్న విర్యో సోలో పట్నం నుంచి వచ్చి, వసారాలో చాప వేయించుకుని, కాఫీ తాగుతూ అరగంటసేపు చెప్పుకొచ్చాడు. నాన్న పోయి ఏడేళ్ళయింది, వాటాలు తేల్చుకోవాలి. నేలంతా నువ్వుంచుకో, కర్ర ఇల్లు నాకు వదిలెయ్యి. బాలీలో హోటల్ కట్టేవాళ్ళకి పాత టేకు ఇళ్ళు కావాలట, విప్పి తీసుకుపోయి అక్కడ నిలబెట్టుకుంటారట. ఒక్కో మాటకీ జుమాది తల వంచుకుని “ఇంగ్గిహ్” అన్నాడు. పెద్దవాడు మాట్లాడుతుంటే చిన్నవాడు ఇంకేమంటాడు? విన్నాను అని దాని అర్థం. మీరు చెబుతున్నారు, నేను ఒదిగి కూర్చున్నాను అని అర్థం. ఒక్కోసారి ఔనని కూడా అర్థమే, కానీ అది ఎప్పుడన్నది వినేవాడే కనిపెట్టుకోవాలి. ముప్పై ఏళ్ళుగా పట్నంలో దుకాణం నడుపుతున్న విర్యోకి ఆ చెవి పోయింది.

మంగళవారం పొద్దున్నే లారీ వచ్చింది. లారీ వెనక విర్యో, అతని వెనక ఇంటికొక మనిషి చొప్పున ఊరి మగాళ్ళు వచ్చారు. ఇల్లు కట్టినా విప్పినా తలా ఒక చెయ్యి వెయ్యడం ఇక్కడి ఆనవాయితీ. ఆడవాళ్ళు అప్పుడే పక్కింట్లో కాఫీకి నీళ్ళు పెట్టేశారు. జుమాది కిటికీ చట్రానికి చెదలు పట్టిన ముక్క తీసి కొత్త ముక్క బిగిస్తున్నాడు.

“ఒరే జుమాదీ,” అన్నాడు సోమొ తాత, నోట్లో లవంగాల సిగరెట్టుతో. “ఊరికి వడ్రంగివి నువ్వే, విప్పే ఇల్లూ నీదే. నీకు కూలెవడిస్తాడ్రా?”

అందరూ నవ్వారు. జుమాది ఉలి కింద పెట్టి, అన్నను ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు.

“ఏమిటన్నయ్యా ఇది?”

“ఏమిటేమిట్రా? అప్పుడే అన్నీ మాట్లాడుకున్నాం కదా.”

“మీరు మాట్లాడారు.”

“నువ్వు ఇంగ్గిహ్ అన్నావు. ఒకసారి కాదు, ఇరవైసార్లన్నావు. ఇష్టం లేకపోతే లేదని చెప్పి చావొచ్చుగా?”

“మీకెట్లా చెబుతానన్నయ్యా?”

విర్యో చెడ్డవాడేం కాదు. తమ్ముడికి నేల మొత్తం ఇచ్చానని నిజంగానే సంతోషపడుతున్న మనిషి. అతని మొహం పాలిపోయింది. “ఊరి పెద్ద దగ్గర అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టేశానురా. ఇప్పుడు కాదంటే నేను తలెక్కడ పెట్టుకోను? నీకు సిమెంటు ఇల్లు కట్టిస్తాను. చెదల గొడవే ఉండదు.”

“ఇది వస్తినీ ఇల్లన్నయ్యా.”

“వస్తినీ వచ్చేదెప్పుడురా? తొమ్మిదేళ్ళయింది.”

ఆ మాట జుమాదికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పరాయి దేశం పనికి పోయిన పెళ్ళాం తిరిగొస్తుందన్న ఆశ ఒక్కటే అతని బతుకులో మిగిలింది, ఆ ఆశ ఈ గోడల మధ్యే ఉంది. పోయిన ఏడు ఫోనులో వస్తినీ అన్నది, “నేనొస్తే ముందు నడిమి గదిలో పడుకుంటానండీ. మూడు రోజులు నన్నెవరూ లేపకండి.” అప్పట్నుంచి అతను ఆ గది రోజూ ఊడుస్తున్నాడు. దిండు ఎండలో వేసి తెస్తున్నాడు.

“జనం ఎదురు చూస్తున్నారు. ఇక మొదలుపెట్టరా,” అన్నాడు విర్యో.

“ఇంగ్గిహ్,” అన్నాడు జుమాది. నోటి నుంచి దానంతటదే వచ్చేసింది.

పెంకులు దించడం ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత పని మాత్రం తెలిసినవాడే చెయ్యాలి. మేకు అన్నది లేని ఇల్లు అది, కర్రలోకి కర్ర దిగి నిలబడింది. తెలియనివాడు గుంజితే కర్రలోకి దిగిన చెవులు విరిగిపోతాయి. అందుకని జుమాదే పైకెక్కాడు. విప్పిన ప్రతి ముక్క మీదా ఉలితో దాని దిక్కు గుర్తు చెక్కాలి, ఈశాన్యం స్తంభం ఎక్కడికి పోయినా ఈశాన్యంలోనే నిలబడాలి. పాత గుర్తులు అప్పటికే ఉన్నాయి. వాళ్ళ తాత ఈ ఇంటిని కొండ అవతలి ఊరి నుంచి భుజాల మీద మోయించుకుని వచ్చిన నాటివి అవి.

మొదటి స్తంభం దగ్గర అతని మనసులో ఒక పాడు ఆలోచన పుట్టింది. గుర్తులు తారుమారు చేస్తే చాలు, బాలీలో బ్రహ్మదేవుడొచ్చినా ఈ ఇంటిని నిలబెట్టలేడు. ఉలి కర్రకు ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. చెయ్యి రాలేదు. ఏ దిక్కుకు ఆ గుర్తే చెక్కి, కిందికి దింపించాడు.

దూలం మీద కూర్చుని కర్ర చీల తడుతుంటే అన్న మాటలే తిరుగుతున్నాయి. ఇంగ్గిహ్ అన్నానట, ఇరవైసార్లన్నానట. ఇంగ్గిహ్ అంటే ఔనని అనుకోవడానికి ఈయనేమన్నా పరదేశీయా? తల వంచుకున్న మనిషి మొహం ఒక్కసారైనా చూడొద్దూ?

సుత్తి ఆగిపోయింది.

భూకంపం వచ్చిన ఏడు ఇల్లు పడమటికి ఒరిగింది. వస్తినీ పొయ్యి ముందు కూర్చుని వెదురు గొట్టంతో నిప్పు ఊదుతోంది. అతను గుమ్మంలో నిలబడి అడిగాడు, “రెండేళ్ళు తైవాన్ పోయొస్తావా? అక్కడ ముసలివాళ్ళను చూసుకునే పని ఉందట. ఇల్లు నిలబెట్టుకోవచ్చు.” ఆమె తల ఎత్తలేదు. “ఇంగ్గిహ్,” అన్నది. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడితో మర్యాదగానే మాట్లాడేది. అతను పొంగిపోయాడు. నా పెళ్ళాం ఒప్పుకుందని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాడు. రెండేళ్ళు అయ్యాక ఫోనులో, ఇంకో రెండేళ్ళుంటే పెంకులు కూడా మార్చేద్దాం అన్నాడు. దానికీ ఇంగ్గిహ్ అన్నది. ఆ తర్వాత అతను అడగలేదు, ఆమే ఉండిపోయింది.

అన్నయ్యను తిట్టుకోవడానికి తనకేం హక్కుంది? తొమ్మిదేళ్ళ కిందట సరిగ్గా ఇదే పని తను చేశాడు. దూలం మీద, ఊరందరి ముందూ, జుమాదికి ఏడుపొచ్చింది. కింద ఉన్నవాళ్ళు ఇంటి కోసం అనుకున్నారు.

ఎండ తిరిగేసరికి ఇల్లంతా లారీలోకి ఎక్కింది. హోటల్ వాళ్ళ మనిషి, కళ్ళజోడు పెట్టుకున్న నడివయసాయన, చెక్కిన గుర్తులన్నీ చూసి మురిసిపోయాడు. “మీ అంత పనివాడు మాకు దొరకడండీ. బాలీ వచ్చి మీరే నిలబెట్టాలి. వస్తారుగా?”

“ఇంగ్గిహ్,” అన్నాడు జుమాది, నేల చూస్తూ.

ఆయన సంతోషంగా పేరు రాసుకున్నాడు. ఆ ఇంగ్గిహ్ సంగతి తెలిసిన సోమొ తాత పక్కకు తిరిగి, నవ్వు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. విర్యో తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, లారీ వెనకే వెళ్ళిపోయాడు.

నాలుగు స్తంభాల కింది రాళ్ళు మిగిలాయి. నడిమి గది సామాను చాప మీద చుట్టి పెట్టి ఉంది. జుమాది ఒక రాతి మీద కూర్చుని ఫోను చేశాడు.

“వస్తినీ, ఇల్లు పోయింది.”

అటు నుంచి చక్రాల కుర్చీ చప్పుడు వినిపించి ఆగింది. “ఎక్కడికి పోయిందండీ?”

“బాలీకి. అన్నయ్య అమ్మేశాడు.”

ఆమె నవ్వినట్టనిపించింది. “పోనీలెండి, నాకంటే దగ్గరకే పోయింది.”

“ఒకటడుగుతాను, నిజం చెప్పు. అప్పుడు పొయ్యి దగ్గర నువ్వు ఇంగ్గిహ్ అన్నావే. వెళ్తానన్నావా, విన్నానన్నావా?”

“ఇప్పుడెందుకండీ అవన్నీ.”

“చెప్పు.”

“ఆ రోజు పొయ్యి మీద కర్రపెండలం ఉడుకుతోంది. దించి, మీతో మాట్లాడదామని వెనక్కి తిరిగాను. మీరు నా ఫోటో తీసుకుని ఏజెంటు దగ్గరకు వెళ్ళిపోయారు.” కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

“తప్పు నాదే. తొమ్మిదేళ్ళ తప్పు.” జుమాది రాతి మీద నుంచి లేచి నిలబడ్డాడు. “వచ్చెయ్యి వస్తినీ. ఇల్లు లేదు, నేనున్నాను. కట్టుకుందాం. వస్తావా?”

అక్కడ ముసలామె ఎవరో చీనా భాషలో పిలిచింది. వస్తినీ ఆమెకు ఆ భాషలోనే, మెత్తగా, చనువుగా ఏదో జవాబు చెప్పింది. తర్వాత ఫోను దగ్గరకు వచ్చింది.

“ఇంగ్గిహ్,” అన్నది.

మధ్యాహ్నం లారీ దగ్గర హోటల్ ఆయనతో తను అన్నది కూడా సరిగ్గా ఇదే గొంతుతో.