మనవాళ్ళను లెక్కపెట్టని రేవు

డీజిల్ దొంగను పట్టుకోవడానికే మైరా ఆ రేవుకు వచ్చింది. పైకి మాత్రం మామూలు తనిఖీ అంది. రహదారుల శాఖ నడిపే బల్లకట్ల మీద ప్రజల సొమ్ము ఎలా ఖర్చవుతోందో చూసి శాసనసభకు నివేదిక ఇవ్వడం ఆమె ఆడిట్ ఆఫీసు పని. ఈ రేవు సంగతి కాగితాల మీద మహా చిత్రంగా ఉంది. దాటే బండ్లేమో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాలే డీజిలేమో పీపాలకు పీపాలు. జనం లేని రేవు మనకెందుకని, చలికాలానికి ఆపేశాక వసంతంలో ఇక తెరవబోమని శాఖవాళ్ళు చెప్పేశారు. మైరా చిత్తు నివేదికా దానికి వంతపాడింది. ఇక తేలవలసిందల్లా ఆ డీజిల్ ఎవరి పికప్‌లోకి పోతోందన్నదే.

బల్లకట్టు నడిపే ఆర్లో డిర్క్‌సెన్‌ను చూడగానే ఆమె అనుమానం బలపడింది. మనిషి మరీ మంచివాడిలా ఉన్నాడు. ఈ ఉద్యోగంలో ఆమెకు అలాంటి మంచివాళ్ళు చాలామందే తగిలారు.

"పొద్దున్నే బయల్దేరి ఉంటారు. సస్కటూన్ పళ్ళ పై తింటారా మేడమ్? మా ఆవిడ చేసింది," అంటూ పళ్ళు కూరి కాల్చిన ఆ తీపి రొట్టెను ముందుకు జరిపాడు.

"వద్దండీ. తనిఖీకి వెళ్ళినచోట మేం ఏమీ తినకూడదు."

"పై కూడానా? పాపం, ఏం ఉద్యోగమండీ మీది."

బల్లకట్టు మీద ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంది మైరా. బడి బస్సు దాటింది. కనోలా నూనెగింజల లారీలు దాటాయి. పశువుల డాక్టరు దాటాడు. ఎట్టా టీవ్స్ అనే ముసలావిడ తన పాత కారులో ఆసుపత్రికని అవతలి ఒడ్డుకు పోయింది. ఆర్లో అందరినీ పేరుపేరునా పలకరించాడు. దాటిన ప్రతి బండికీ నొక్కవలసిన లెక్కల మిషను మాత్రం అతని మెడలో ఊరికే వేలాడుతోంది. పడమటి నుంచి ఎవరో యాత్రికులు టెంటు బండితో వస్తే అప్పుడు ఒక్కసారి టిక్కుమంది.

సాయంత్రానికి మైరాకు ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఎట్టా కారు బల్లకట్టు ఎక్కి ఆగాక, ఆర్లోను నిలదీసింది.

"ఏవండీ, దాన్ని మెడలో అలంకారానికి వేసుకున్నారా?"

"నొక్కాను కదండీ, ఆ టెంటు బండికి."

"మరి బడి బస్సు? లారీలు? ఇదిగో, ఈ పెద్దావిడ?"

ఆర్లో తెల్లబోయాడు. "వాళ్ళు మనవాళ్ళండీ. మనవాళ్ళను ఎవరైనా లెక్కపెడతారా? భోజనానికి పిలిచి ఎన్ని ముక్కలు తిన్నారో రాసుకున్నట్టు ఉండదూ? మా నాన్న కూడా కొత్తవాళ్ళనే లెక్కపెట్టేవాడు."

కారు అద్దం కిందికి దిగింది.

"ఒరేయ్ ఆర్లో, ఇన్నేళ్ళూ నన్ను దాటించి, దాటలేదని రాశావా?"

"అలా కాదు పిన్నీ, మర్యాదగా ఉండదని..."

"నీ మర్యాద మండ. నా కిడ్నీల కోసం రోజు తప్పించి రోజు ఆసుపత్రిలో ఆ డయాలసిస్ మిషను దగ్గరికి పోతున్నానా లేదా? రేవు మూస్తే వంతెన దాకా చుట్టూ తిరిగి పోగలనట్రా ఈ వయసులో? ఇల్లూ పొలమూ అమ్మేద్దామని బ్రోకరుకు కబురు పెట్టాను."

"నాకు చెప్పలేదే పిన్నీ."

"చెబితే ఏం చేసేవాడివి? ఇంకో పై పంపేవాడివి."

ఆర్లో మొహం చూడలేకపోయింది మైరా. ఇతన్నా తాను దొంగ అనుకుంది? సిగ్గేసింది. అంతలోనే భుజాలు పట్టుకుని కుదిపేయాలన్నంత కోపమూ వచ్చింది. ఇంత మంచితనం ఉంటే ఊళ్ళకు ఊళ్ళే మునిగిపోవూ మరి.

"నేను ఒక్కరోజు చూసింది సాక్ష్యం కాదండీ. మీరిద్దరూ చెప్పిందీ చాలదు," అంది నీరసంగా.

"మరి ఎందుకొచ్చినట్టు తల్లీ?" అంది ఎట్టా.

"డీజిల్ దొంగను పట్టుకుందామని." నోరు జారింది.

ఆర్లో ఇంజన్ వైపు తిరిగి చూశాడు. "డీజిలా? ఇది దాటినప్పుడల్లా తాగుతుంది కదండీ."

మైరా తల పట్టుకుంది. మనవాళ్ళు దాటినా, పరాయివాళ్ళు దాటినా ఇంజన్ ఒకలాగే తాగుతుంది. ఆ డీజిల్ కొన్నది శాఖే, బిల్లులు చెల్లించిందీ శాఖే. బల్లకట్టు ఎన్నిసార్లు తిరిగిందో వాళ్ళ బిల్లులే చెబుతున్నాయి. ఎదుటివాడు దొంగ అని ముందే అనుకుని కూర్చుంటే లెక్కలు కూడా అలాగే కనబడతాయి. తనమీద తనకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చిత్తు నివేదిక చించేసి కొత్తది రాసింది. పై అధికారి పెదవి విరిచాడు. "రేవు ఉంచమని చెప్పడం మన పని కాదమ్మా."

"ఉంచమనడం లేదు సార్. మూయడానికి వాళ్ళు చూపించిన లెక్క తప్పు అంటున్నాను. అది మన పనే."

ఆ నివేదిక చూసి శాసనసభలో అడిగేసరికి శాఖవాళ్ళు నీళ్ళు నమిలారు. చివరికి, రేవు తెరిచే ఉంచుతామనీ, ఓ ఏడాదంతా దాటినవాళ్ళందరినీ లెక్కపెట్టాకే ఏ సంగతైనా తేలుస్తామనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

ఏటి మీద గడ్డకట్టిన మంచు విరిగి, బల్లకట్టు మళ్ళీ నీళ్ళలోకి దిగిన వారంలో మైరాకు ఫోను వచ్చింది.

"నేను తల్లీ, ఎట్టాను. ఆ బ్రోకరు మళ్ళీ వచ్చాడు. ఇల్లు అమ్మేది లేదు, పొమ్మన్నాను."

"మంచిపని చేశారు. ఆర్లోగారు లెక్కపెడుతున్నారా?"

"ఆ బ్రోకరును లెక్కపెట్టాడు. నన్నూ పెట్టాడు, మొహం అటు తిప్పుకుని. పోతే పోయిందిలే మర్యాద, నా ఇల్లు నాకు మిగిలింది."