అద్దాల హాల్లో మా నాన్న పనిబల్ల

మా ఆవిడ తమ్ముడు బుడ్డోడి మొహం చూడనని ఒట్టు పెట్టుకుని చాలా ఏళ్లయింది. నలభై దాటి, గడ్డం నెరిసినా వాడు ఇంకా బుడ్డోడే. ఇంట్లో గారం ఎక్కువైతే పేర్లు అలాగే మిగిలిపోతాయి. వాడి మీద నాకు అంత కోపం ఎందుకో చెబుతాను, విని మీరే అనండి.

వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ కలిసి ఒక కళాబృందం పెట్టారు. ఏ బొమ్మ కిందా ఎవరి పేరూ ఉండదు, బృందం పేరే. ఏదీ ఒకరిది కాదు, అంతా అందరిదీ. ఏ పని చేయాలన్నా చేతులెత్తి తేల్చుకోవాలి. టీలో చక్కెర వేయాలా వద్దా అన్నదానికి కూడా చేతులెత్తడం నేను కళ్లారా చూశాను. తీర్పు వచ్చేదాకా మా ఆవిడ చెంచా పట్టుకుని నిలబడేది.

వాళ్ల పనంతా నా వడ్రంగి షెడ్డులోనే సాగేది. చెక్క కోసిపెట్టేది నేను, చిత్రిక పట్టేది నేను. "నువ్వూ సభ్యుడివే బావా" అనేవాడు బుడ్డోడు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని అంతకుముందు ఎవరూ దేనిలోనూ సభ్యుడన్న పాపాన పోలేదు. వాళ్ల మొదటి పెద్ద ప్రదర్శనకు అప్పు కావాల్సి వస్తే షెడ్డు కాగితాలు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టాను. కట్టే రోజు రాగానే నలుగురూ చేతులెత్తి, అప్పు కూడా అందరిదీ అని తేల్చారు. అందరిదీ అయిన అప్పు కట్టడానికి ఒక్కడూ బ్యాంకు మెట్లెక్కలేదు.

షెడ్డు పోయింది. సామాను బయట పడేసిన రోజు నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. మా నాన్న పనిబల్లను మాత్రం "నేను దాచిపెడతాలే బావా" అని బుడ్డోడు లారీ ఎక్కించుకుపోయాడు. అడిగితే భద్రంగా ఉందనేవాడు. తరవాత ఫోనెత్తడం మానేశాడు.

అప్పట్నుంచీ ఇంకొకడి దుకాణంలో కూలికి తలుపులు బిగిస్తున్నాను. మొన్నీమధ్య మా ఇంటి యజమాని కింద గది ఇస్తానన్నాడు. బల్ల ఒక్కటుంటే సొంతంగా పని మొదలుపెట్టుకోవచ్చు. అదే వారంలో, బృందం ఇరవై ఏళ్ల పనంతా ఒకచోట పెడుతున్నామని పిలుపు వచ్చింది. "వెళ్లి అడుగుదామండీ, నా తమ్ముడేగా, కాదంటాడా?" అంది మా ఆవిడ. ఒట్టు గట్టున పెట్టి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాం.

అద్దాల హాలు. తెల్లటి గోడలు. గుమ్మంలో ఇచ్చిన షర్బత్ తాగేసి మా ఆవిడ ఖాళీ గ్లాసు చేత్తోనే పట్టుకుని ఉంది. మధ్యలో, చుట్టూ తాడు కట్టి, పైన దీపం వేసి, మా నాన్న బల్ల. అంచున ఆయన ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. పక్కన చీటీ: 'దొరికిన వస్తువు. టేకు, ఇనుము.'

"దొరికిందట! మనమెక్కడ పారేసుకున్నామే?" అన్నాను.

"మెల్లగా అనండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చూడ్డానికేగా వచ్చారు."

బుడ్డోడు నల్ల చొక్కాలో పరుగున వచ్చాడు. "అక్కా! బావా! వచ్చారా!"

"బల్ల కోసం వచ్చా. బయట ఆటో ఉంది."

"అదెలా కుదురుతుంది బావా? అది బృందానిది. నేనొక్కణ్ణీ చెప్పలేను."

"దాచిపెడతానన్నప్పుడు ఒక్కడివేగా చెప్పావు?"

బృందంలో గుండు చేయించుకున్న ఆవిడ ఒకతె ఉంది. ఆవిడ వచ్చి, "గొడవెందుకు, మన పద్ధతిలోనే తేల్చుకుందాం. మీరూ సభ్యులేగా, మీకూ ఓటుంది" అంది. మిగతా ఇద్దర్నీ పిలిచింది. కళ్లజోడాయన, పొడుగాయన వచ్చారు. జనం చుట్టూ మూగారు.

"బల్ల ఇచ్చేయాలనేవాళ్లు?"

నేను చెయ్యెత్తాను. మా ఆవిడా ఎత్తింది.

"మీరు సభ్యులు కాదండీ," అంది గుండావిడ.

"అన్నేళ్లు మీకు వండిపెట్టానమ్మా!"

"అది వేరు కదండీ."

మా ఆవిడ చెయ్యి దించేసింది. అప్పుడు కళ్లజోడాయన, ఎవరి వైపూ చూడకుండా, చెయ్యెత్తాడు. ఐదుగురిలో ఇద్దరం. ఇంకొక్క చెయ్యి చాలు. మా ఆవిడ తమ్ముడి వైపే చూస్తోంది. వాడి చెయ్యి ఛాతీ దాకా లేచింది. గడ్డం గోక్కుని కిందికి దిగిపోయింది.

"వద్దనేవాళ్లు?"

గుండావిడ, పొడుగాయన ఎత్తారు. చివరిగా బుడ్డోడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ప్రదర్శనలో భాగమనుకున్నారు. ఒకాయన నా భుజం తట్టి, "చాలా సహజంగా చేశారండీ" అన్నాడు.

బుడ్డోడు చెయ్యి దించడం మరిచిపోయాడు. మా ఆవిడ తన చేతిలోని ఖాళీ గ్లాసు ఆ చేతిలో పెట్టి, "ఇదీ అందరిదేలే, దాచిపెట్టు" అని, వెనక్కి చూడకుండా నడిచింది.

బయట ఆటోవాడు తాళ్లు సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు. "సామానేది అన్నా?"

"లేదు. మమ్మల్నే ఎక్కించుకో."

వెనకాల ఉత్త చెక్కల మీద కూర్చున్నాం. దారి మా పాత షెడ్డు మీదుగానే. అక్కడిప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. మా ఆవిడ మొహం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. బల్ల సంగతి చెప్పాను. వాడి మీద మిగతా కోపమంతా ఇదిగో, రెండు వైపులా రోడ్డున్న మూల జాగా, నూట ముప్పై రెండు గజాలు.