మూడు నీళ్ళు కడిగిన కోడలు

కొరియాలోని గున్‌సాన్ రేవు బజారులో పొద్దున్న ఆరింటికల్లా చుజా కొట్టు ముందు క్యాబేజీ లారీ ఆగుతుంది. దింపడం కొడుకు చోల్‌గ్యు పని, కోసి ఉప్పులో వేయడం కోడలు ఇన్‌సన్ పని, పీట మీద కూర్చుని ఇద్దరినీ తిట్టడం అత్తగారు చుజా పని. ఉప్పులో వడలిన క్యాబేజీని మర్నాడు మూడు నీళ్ళు కడిగి, కారం, వెల్లుల్లి, ఉప్పురొయ్యలు పట్టించి జాడీల్లో కూరితే కిమ్చీ. బజారులో అందరూ చేసేదే.

కాకపోతే ఇన్‌సన్ చేతి కిమ్చీ ఆమె రక్తం ఎలా ఉంటే అలా పులుస్తుంది. ఒళ్ళు ఉరకలేసే రోజుల్లో పొద్దున్న పెట్టిన జాడీ మధ్యాహ్నానికి బుసబుసా పొంగి మూత ఎగరగొట్టేది. ఆ రుచి కోసం జనం వీధి చివరిదాకా వరస కట్టేవాళ్ళు. ఆమె కుంగిపోయిన నెలల్లో పెట్టింది పెట్టినట్టే పచ్చిగా పడి ఉండేది. ఇందులో ఎవరికీ వింత కనపడలేదు. "ఈ వారం మీ కోడలు పైనుందా, కిందుందా?" అని అడిగి మరీ కొనుక్కునేవాళ్ళు.

పైనున్నప్పుడు ఆ పిల్ల వారం రోజులు కన్ను మూయదనీ, ఒకసారి గడ్డకట్టే చలిలో నవ్వుకుంటూ సముద్రంలోకి నడిచిపోయిందనీ కొనేవాళ్ళకి తెలుసు. తెలిసే లొట్టలేసుకుంటూ తిన్నారు.

రెండోసారి సముద్రంలోంచి లాక్కొచ్చాక ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసింది. "ఇది నీ పొగరూ కాదు, పిరికితనమూ కాదమ్మా. ఒంట్లో రసాయనాల తూకం తప్పుతోంది. ఈ మాత్ర లిథియం, అదీ ఒక రకం ఉప్పే. రోజూ వేసుకో. తిండిలో ఉప్పు, తాగే నీళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండనీ" అంది. నెలనెలా రక్తం తీసి మందు ఎంతుందో చూసేది. ఇన్‌సన్ రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టింది. మాత్రల సంచి నడుముకి కట్టుకుని, స్నానానికి కూడా విప్పేది కాదు. రెండేళ్ళు ఆమె జాడీలు అందరి జాడీల్లాగే, పులవాల్సిన రోజుకి పులిశాయి.

కొట్టు ముందు వరస కరిగిపోయింది. చుజాకి అన్నం సయించలేదు.

"ఆ ఉప్పుబిళ్ళలు దాని చేతిలో రుచిని చంపేశాయిరా" అంది కొడుకుతో, చిగుళ్ళలో ఇరుక్కున్న రొయ్యపొట్టు గోటితో తీసుకుంటూ. "కిమ్‌జాంగ్ ఇంకో నెల్లో పడింది. ఊరంతా చలికాలానికి కిమ్చీ కొనుక్కునేది అప్పుడే. ఎక్కువ ఉప్పెక్కిన క్యాబేజీని ఏం చేస్తాం?"

"కడుగుతాం" అన్నాడు చోల్‌గ్యు.

"మూడు నీళ్ళు కడిగితే క్యాబేజీలో ఉప్పు పోవట్లా? మనిషిలో ఎందుకు పోదు?"

మర్నాటి నుంచి చుజాకి కోడలి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రోజూ ఆవిరి స్నానాల ఇంటికి తీసుకెళ్ళి, కాలే రాతిగదిలో మూడు విడతలు కూర్చోబెట్టేది. ఇంటికొచ్చాక ఉప్పులేని గంజి పోసేది. వంటింట్లో ఉప్పు కల్లు కంటపడకుండా దాచేసింది.

"అత్తయ్యా, డాక్టరమ్మ ఉప్పు తగ్గించొద్దంది" అంది ఇన్‌సన్ రెండోరోజు.

"నలభై ఏళ్ళు ఉప్పులో నానిన చేతులివి. ఉప్పు సంగతి ఆవిడ నాకు చెబుతుందా? కిమ్‌జాంగ్ ముందు ఒళ్ళు తేలికపడుతుందనేగా, నీ కోసమేగా!" అని వీపు రుద్దింది చుజా. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆ చెయ్యి ఆ వీపు మీద మెత్తగా పడింది అదే మొదలు. పిచ్చిపిల్ల, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పినట్టే కూర్చుంది.

వారం తిరిగేసరికి ఆమె చేతిలో కత్తి వణికింది. తర్వాత వాంతులు, విరేచనాలు. నడిస్తే తాగినదానిలా తూలింది. "చూశావురా, ఉప్పు దిగుతోంది" అని మురిసిపోయింది చుజా. మొగుడు మహానుభావుడు వాంతి మీద ఇసుక చల్లి ఊరుకున్నాడు.

ఇన్‌సన్ జాడీల్లో నీళ్ళు ఎవరూ తాకకుండానే సన్నగా వణకసాగాయి. మూతల చుట్టూ తెల్లగా ఉప్పు పూసింది. తుడిచిన గంటకి మళ్ళీ పూసేది. పక్కకొట్టులో ఎండుచేపలమ్మే మల్‌బున్ అమ్మమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని తుపుక్కున ఊసింది.

"ఏమే చుజా, ఇందులో ఎంత ఉప్పు దంచావ్?"

"ఎప్పుడూ వేసేదే. పిల్లకి మాత్రం రవ్వంత పెట్టట్లేదు, రోజూ చెమట పట్టించి కడుగుతున్నా."

అమ్మమ్మ ముసలి కళ్ళు జాడీ మీంచి ఇన్‌సన్ మీదికి వెళ్ళాయి. ఇన్‌సన్ గోడకి చేరగిలబడి ఉంది, నోటి చివర సొంగ, మాట ముద్దగా వస్తోంది.

"ఓసి నీ మొహం మండ! దీని జాడీ దీని రక్తమని ఊరందరికీ తెలుసు. మందు పోతోందా ఇందులో? పేరుకుంటోంది! చంపుతున్నావే పిల్లని!"

"పోయేదాకా ఓపిక పట్టాలి. ఇవాళ ఇంకొక్క నీళ్ళు కడగడం మిగిలింది" అని చుజా తువ్వాలు భుజాన వేసుకుని కోడలి రెక్క పట్టుకుంది.

మల్‌బున్ ఎండుచేపల కట్ట తీసి ఆ చేతి మీద ఫెడేల్మని కొట్టింది. అంబులెన్సుకి ఫోన్ చేసి, ఇన్‌సన్‌ని ఎక్కించి, వణుకుతున్న జాడీని ఒళ్ళో పెట్టుకుని తనూ ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సంగతంతా విని, జాడీ మూత తీసి, వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. రక్తం పరీక్షకి పంపింది గానీ కాగితం వచ్చేదాకా ఆగలేదు. "సెలైన్ ఎక్కించండి. రక్తం శుద్ధిచేసే యంత్రం సిద్ధం చేయండి, ఇప్పుడే" అంది. కాగితం వచ్చేసరికి యంత్రం తిరుగుతోంది. జాడీ చెప్పిందే కాగితమూ చెప్పింది.

మూడోరోజుకి ఇన్‌సన్ మాట తేటపడింది. తల్లీకొడుకులు అప్పుడు వచ్చారు.

"మూత్రపిండాలకి ఏది మామూలు ఉప్పో, ఏది మందో తేడా తెలియదు" అని డాక్టరమ్మ వాళ్ళకి చెప్పింది. "ఒంట్లో ఉప్పు కరువైతే చేతికందిందల్లా దాచేసుకుంటాయి. మీరు కడిగిన కొద్దీ మందు లోపలే నిలిచింది. ఇంకొక్కసారి ఆ గదిలో కూర్చుని ఉంటే ఈ అమ్మాయి ఉండేది కాదు."

చుజా శ్రద్ధగా విని తలాడించింది. "అయితే మాత్ర రోజుకి సగం చేస్తే సరిపోతుందా? చేతి రుచి తిరిగొచ్చేదాకానే."

డాక్టరమ్మ ఆమెకేసి, పాడైన సరుకుని చూసినట్టు చూసింది. ఇన్‌సన్ మొగుడి వైపు తిరిగింది. వాడు నేల చూశాడు, పైకప్పు చూశాడు, చివరికి నోరు తెరిచాడు.

"మరి... ఈ ఏడు కిమ్‌జాంగ్ ఎవరు పెడతారు?"

ఇన్‌సన్ వాడి మొహంలోకి చూసింది. అందులో ఇంకేమైనా ఉందేమోనని వెతికింది కాబోలు. ఏమీ లేదు.

"నువ్వే పెట్టు" అంది. "నా బట్టలు మల్‌బున్ అమ్మమ్మ ఇంటికి పంపించు. నేను మీ ఇంటికి రాను."

"ఏమే!" అని చుజా లేవబోయింది. నర్సు తలుపు తెరిచి పట్టుకుంది.

వాళ్ళు వెళ్ళాక మల్‌బున్ సముద్రపు నాచు చారు గిన్నెలో పోసి చేతికిచ్చింది. ఇన్‌సన్ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది.

"ఉప్పు సరిపోయిందా?" అంది ముసలమ్మ.

"సరిపోయింది" అంది ఇన్‌సన్. రెండో గిన్నె కూడా తాగింది.