మంచినీళ్లతో కడిగిన అమ్మాయి

చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే, "కాస్త విను, ఎక్కడైనా తడబడితే చెప్పు," అన్నాడు నా భర్త. రేపు పెద్ద సభలో అతని ప్రసంగం. మధ్యాహ్నం, పాప నిద్రపోతోంది, అత్తయ్య టీవీ ముందున్నారు. బనీనుతోనే నిలబడి, లాప్‌టాప్ నా వైపు తిప్పి మొదలుపెట్టాడు. తెర మీద నేను తీసిన బొమ్మ.

ఉప్పుమడుల్లో బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవి అది. చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉంటుంది గానీ వేరే వంశం. బ్యాక్టీరియాకుండే గట్టి గోడ దీనికి లేదు. లోపల ఒక పల్చటి పొర, దాని మీద కాస్త ఎడంగా ప్రోటీన్ ముక్కలు వరస తప్పకుండా అల్లుకున్న పై తొడుగు, అంతే. ఆ రెంటికీ మధ్యనున్న సన్నటి ఖాళీ కూడా తేటగా కనబడే బొమ్మ అంతకుముందు మా ల్యాబ్‌లో ఎవరూ తీయలేదు. ఆ రోజు మైక్రోస్కోపు గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. కడుపులో పాప ఉందని అప్పటికింకా తెలియదు.

తర్వాతి సంగతి ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. "కంటికి కనబడని పురుగుల కోసం కళ్లముందున్న పిల్లని వదిలేసి పోతావా?" అన్నారు అత్తయ్య. ఇతను మాత్రం గడ్డం పట్టుకుని బతిమాలాడు. "కొన్నాళ్లే ఇంట్లో ఉండు. ల్యాబ్‌లో నీ బల్ల ఎక్కడికీ పోదు, అక్కడ నేనున్నాగా." నమ్మాను. ప్రేమించినవాడి మాట నమ్మకపోతే ఇంకెవరిది నమ్ముతాం? పాప బడికి వెళ్లే వయసొచ్చింది. నా బల్ల మీద ఇప్పుడు ప్రింటరు పెట్టారట, మాటల మధ్యలో అతనే అన్నాడు. కోపం కూడా రాలేదు.

అందుకే ఇవాళ చెవులు రిక్కించుకుని వింటున్నాను. బొమ్మ దగ్గరికొచ్చాడు కదా, ఇప్పుడు నా పేరు చెబుతాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు? ఇస్త్రీ అయిపోయిన చొక్కా చేతి మీదే మళ్లీ మళ్లీ పెట్టె తిప్పుతున్నాను.

"ఈ బొమ్మ మా ల్యాబ్‌కి ఎంతో పేరు తెచ్చింది," అన్నాడు. ఆగి, "ఇక్కడో జోకు పెట్టా, చూడు," అంటూ గొంతు మార్చి చదివాడు. "ఈ తొడుగుని పట్టి ఉంచేది ఉప్పే. అప్పట్లో మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఓ అమ్మాయి, పాపం, శుభ్రంగా ఉండాలని వీటిని మంచినీళ్లతో కడిగేసింది. తొడుగు ఊడిపోయి, కణాలన్నీ పగిలి, గొట్టంలో జిగురు మిగిలింది. గిన్నెలు తోమే అలవాటు ల్యాబ్‌లో పనికిరాదని ఆ రోజే తెలుసుకున్నాం!"

"నవ్వుతారంటావా?" అని అడిగాడు.

ఆ అమ్మాయిని నేనే. ఆ సాయంత్రం మెట్ల మీద వెక్కివెక్కి ఏడుస్తుంటే, పక్కన చతికిలబడి, తను చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టి నన్ను నవ్వించింది ఇతనే. నేనితన్ని ప్రేమించింది ఆ మెట్ల మీదే. నన్ను మొదటిసారి చూసింది క్యాంటీన్ క్యూలో అని ఇతను అందరికీ చెబుతుంటే, మెట్ల సంగతి దాచి సరదాకి అంటున్నాడనుకున్నాను ఇన్నేళ్లూ.

"ఎవరా అమ్మాయి?" అన్నాను. ఇప్పటికైనా పకపకా నవ్వి నా జడ లాగుతాడని ఎంత ఆశపడ్డానో.

"ఎవరో. ఎంతమంది రాలేదు, ఎంతమంది పోలేదు? పేరెవరికి గుర్తుంటుంది? ఇంతకీ జోకు బావుందా లేదా?"

అబద్ధమాడుతున్నా బావుండుననిపించింది. కావాలని దాచాడంటే, కనీసం అతని లోపల ఎక్కడో నేనున్నట్టు. కళ్లలో నీళ్లు చొక్కా మీద పడ్డాయి, అతను చూడలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ కట్టేశాను. చొక్కా రెండో చెయ్యి ముడతలతోనే ఉంది.

"రేపు నేనూ వస్తున్నాను," అన్నాను.

"నువ్వా? పాపనెవరు చూస్తారు?"

"అత్తయ్య చూస్తారు."

"అక్కడికొచ్చి ఏం చేస్తావ్?"

"నువ్వా జోకు చెప్పగానే లేచి నిలబడతాను."

అతను నా మొహంలోకి చూశాడు.

"నువ్వెందుకు?" అన్నాడు. తెలియక, నిజంగానే తెలియక అడిగాడు.